బొంతల కోసం ఎనిమిది లక్షల మిషన్ కొనవచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది అనంతపురం. ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మూడేళ్లుగా పాత చీరలతో బొంతలు కూడా చేస్తున్నాను. అమ్మ చీరలు, అవ్వ చీరలు తెచ్చిచ్చి గుర్తుగా ఉంటుందని చేయించుకుంటారు. సగం ఆర్డర్లు బెంగళూరులో, అమెరికాలో ఉన్న మనవాళ్లవే. నెలకు ఎనిమిది బొంతలు పోతాయి, ఒక్కోటి 3,500 రూపాయలు. చీరలు కత్తిరించి పైభాగం అతికేది నేనే, దానికి మూడు రోజులు పడుతుంది. తర్వాత మా వీధిలోని ఇద్దరు అక్కలు చేత్తో కుడతారు. ఒక్కొక్కరికి బొంతకు వారం పడుతుంది, కూలి 900. అడుగుబట్టకు, దారానికి, మిగతా ఖర్చులకు 500. ఆలస్యం అవుతోందని ఈమధ్య ఇద్దరు ముగ్గురు ఆర్డర్ వద్దనుకున్నారు. డల్లాస్‌లో ఉన్న మా మరిది అక్కడ లాంగ్ ఆర్మ్ క్విల్టింగ్ మిషన్ చూసి వీడియో పంపాడు. వాడినదే ఒకటి అమ్మకానికి ఉందట. ఫ్రేముతో సహా ఇల్లు చేరేసరికి 8 లక్షలవుతుంది. 6 లక్షలు బ్యాంకు లోను, 2 లక్షలకు నా బంగారం కుదువ పెడదామనుకుంటున్నాను. మా ఆయన వద్దంటున్నారు. మీరేమంటారు?

సమాధానం:

అమ్మా, జవాబు ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. ఈ మిషన్ ఇప్పుడు కొనకండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. మిషన్ చెడ్డదని కాదు. మీ పని చిన్నదని అసలే కాదు. ఇంటి ముందు గదిలో కూర్చుని అమెరికా దాకా బొంతలు పంపుతున్నారంటే అది చిన్న విషయమా? మీ పని ఆగుతున్న చోటు ఒకటైతే, మిషన్ సాయం చేసే చోటు ఇంకొకటి. అదీ నా అభ్యంతరం.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది 8 లక్షలన్న అంకె కాదు, మూడు రోజులన్న మాట. పైభాగం అతికేది మీరొక్కరే. బొంతకు మూడు రోజుల చొప్పున ఎనిమిదింటికి 24 రోజులు. మిగిలిన ఆరు రోజుల్లోనే బ్లౌజులు, ఫాల్సు, పండగలు, పెళ్లిళ్లు, ఒంట్లో బాగోని రోజులు. అక్కల చేతిలో ఒక్కో బొంత వారం రోజులు ఉంటోంది కాబట్టి ఆలస్యమంతా అక్కడే ఉన్నట్టు మీకు కనిపిస్తోంది. కానీ వాళ్లిద్దరూ ఒకేసారి కుడుతున్నారు. వారానికి రెండు, నెలకు ఎనిమిది. మీరు అతికేదీ ఎనిమిదే, వాళ్లు కుట్టేదీ ఎనిమిదే. ఆ వారం పని రేపు మిషన్ మీద ఒక్కరోజులో అయిపోయిందనుకోండి, ఒక్కో ఆర్డరు ఐదారు రోజులు ముందు చేరుతుంది, నిజమే. నెలకు తొమ్మిదో బొంత మాత్రం రాదు. దాని పైభాగం అతకడానికి మీ దగ్గర రోజులు లేవు. మిషన్ నెలలో ఎనిమిది రోజులు తిరిగి, తక్కిన రోజులు గుడ్డ కప్పుకుని ఉంటుంది. వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది.

ఇక డబ్బు సంగతి. ఇప్పుడు ఒక్కో బొంత మీద మీకు మిగిలేది 2,100, నెలకు 16,800 రూపాయలు. 6 లక్షల లోను 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 13,000. బంగారం మీద 2 లక్షలకు నూటికి రూపాయి చొప్పున వడ్డీ వేసుకున్నా ఇంకో 2,000. సూదులు, దారం, నూనె, కరెంటు, ఎప్పుడో వచ్చే రిపేరు కోసం నెలకు 1,500 పక్కన పెట్టాలి. మొత్తం 16,500. చేతికుట్టు కూలి మిగులుతుంది కాబట్టి బొంతకు 3,000 వస్తుందనుకుందాం. ఎనిమిది బొంతలకు 24,000. అందులో 16,500 పోతే మీ చేతికి 7,500. ఇప్పుడొస్తున్న 16,800 రావాలంటేనే నెలకు 11 నుంచి 12 బొంతలు కుట్టాలి, అదీ ఐదేళ్ల పాటు ఒక్క నెలా తప్పకుండా. ఇంత కష్టపడీ ఉన్నచోటనే ఉంటారు. బంగారం అసలు తీర్చే మాట నేనింకా ఎత్తనేలేదు. ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం ఎండలకు బొంత అడిగేవాళ్లు ఎందరుంటారో మీకే బాగా తెలుసు.

మీ మరిది వీడియోలో చూసింది అబద్ధం కాదు. ఆ మిషన్ నిజంగా గొప్పది. మామూలు మిషన్లో సూది ఉన్నచోటే ఉంటుంది, బట్టను మనం జరుపుతాం. ఇందులో బట్ట ఫ్రేము మీద బిగించి కదలకుండా ఉంటుంది, మిషన్ తలే పట్టాల మీద నాలుగు వైపులా తిరుగుతుంది. రెండు పిడులు పట్టుకుని దాన్ని నడిపిస్తూ పువ్వులు, తీగలు, అలలు, ఏది కావాలంటే అది గీసినట్టు కుట్టొచ్చు. ఇంటి మిషన్లో సూదికీ పక్కనున్న స్తంభానికీ మధ్య ఆరు నుంచి తొమ్మిది అంగుళాల జాగా. డబుల్ కాట్ బొంతను చుట్టచుట్టి అందులోంచి తోయడానికి భుజాలు పడిపోతాయి. లాంగ్ ఆర్మ్‌లో ఆ జాగా 18 అంగుళాల నుంచి పైకి ఉంటుంది. చెయ్యి వేగంగా కదిలినా నెమ్మదిగా కదిలినా కుట్టు పొడవు ఒకేలా వచ్చేట్టు చూసే స్టిచ్ రెగ్యులేటర్ చాలావాటిలో ఉంటుంది.

అయితే అది పుట్టిన చోట దానికి తిండి పెట్టేవాళ్లు వేరు. అమెరికాలో సరదా కొద్దీ ముక్కలు అతికి క్విల్టు పైభాగాలు చేసుకునేవాళ్లు చాలామంది. అంత పెద్ద బట్టను ఇంటి మిషన్ మీద కుట్టలేక, లాంగ్ ఆర్మ్ ఉన్నవాళ్లకు పంపించి కుట్టించుకుంటారు. కూలి చదరపు అంగుళాల లెక్కన. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న క్విల్టు 5,400 చదరపు అంగుళాలు. అంగుళానికి రెండు సెంట్లనుకున్నా 108 డాలర్లు. అక్కడ అతికేవాళ్లు ఎంతోమంది, కుట్టిపెట్టేవాళ్లు కొందరే, అందుకే వాళ్ల మిషన్‌కి పని దొరుకుతుంది. మన ఊళ్లో పైభాగం అతికి తెచ్చి, ఇది కుట్టిపెట్టక్కా అనేవాళ్లు మీకు ఎంతమంది తెలుసు? జాకెట్లకు, బ్యాగులకు మీటర్ల లెక్కన క్విల్టింగ్ చేసి అమ్ముదామా అంటే, ఆ బట్టను ఫ్యాక్టరీల్లో పదుల సూదులున్న మిషన్లు గంటల్లో కుట్టి పడేస్తాయి. వాటి ధరతో మీరు పోటీ పడలేరు.

ఇంకో సంగతి మీ చేతిపనికే సంబంధించింది. ఈ ఫ్రేము తయారైంది మూడు పొరల క్విల్టు కోసం. కింద కొత్త బట్ట, మధ్యలో సమానంగా పరిచిన దూదిపొర (దాన్నే బ్యాటింగ్ అంటారు), పైన అతికిన బట్ట. అడుగుబట్ట నాలుగు వైపులా తలా నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి, దాని రెండు కొసలనూ రోలర్లకు పిన్నులతో బిగించి లాగుతారు. మీ బొంత అలా ఉండదు కదా. ముప్పై ఏళ్లు ఉతికిన నూలు చీర కుచ్చిళ్ల మడతల దగ్గర నేలిపోయి ఉంటుంది. వెలుగుకు పట్టి చూస్తే అవతలి చెయ్యి కనబడుతుంది. రోలరు లాగితే అది ఆ మడత వెంబడే పర్రుమని చిరుగుతుంది. పక్కన అతికిన జార్జెట్ ముక్క సాగుతుంది. ధర్మవరం పట్టుచీర అంచు వచ్చిందంటే జరీ మీద సూది పడి దారం తెగుతుంది, ఒక్కోసారి సూదే విరుగుతుంది. చేత్తో కుట్టే అక్క నేలిన చోట లోపల ఇంకో ముక్క పెడుతుంది, జరీ దగ్గర సూదిని పక్కకు తప్పిస్తుంది, ఎక్కడ ఎంత లాగాలో ఆమె వేళ్లకు తెలుసు. మిషన్‌తో అస్సలు కాదని అనను. పాత చీరలకు వెనకాల ఇస్త్రీతో అంటుకునే సన్నటి ఫ్యూజింగ్ బట్ట వేసి, జరీ అంచులు తీసేసి, అడుగుకు గట్టి కొత్త బట్ట పెట్టుకుంటే అవుతుంది. అంటే అతకడానికి ముందే ఇంకో పూట పని, అదీ మీ మీదే పడుతుంది.

నేర్చుకోవడానికి పట్టే కాలం కూడా చూసుకోండి. పైదారం, అడుగునుంచి వచ్చే బాబిన్ దారం బిగువు కుదరడమే పెద్ద పని. వంపు తిరిగే చోట చెయ్యి ఉరికిందంటే పైదారం అడుగువైపుకు లాక్కుపోయి, కంటిరెప్ప వెంట్రుకల్లా వరసగా నిలబడుతుంది. అది పైనుంచి కనబడదు, బొంత దింపి తిరగేశాక తెలుస్తుంది. ఎవరి అవ్వ చీరల మీదనో అలా జరిగితే విప్పి మళ్లీ కుట్టలేం, ఆ బట్ట తట్టుకోదు. మొదటి కొన్ని నెలలు పనికిరాని బట్టల మీదే సాధన చెయ్యాలి. అప్పుడూ వాయిదా కట్టాల్సిందే.

వాడిన మిషన్ అమెరికా నుంచి తెప్పించుకోవడం గురించి నాకు గట్టి భయమే ఉంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి తగ్గుతుంది గానీ హెర్ట్జ్ మారదు. ఏ మోడల్ దేన్ని తట్టుకుంటుందో తయారీదారు కాగితం చూపించి చెప్పాలి, అమ్మేవాడి నోటిమాట చాలదు. సాధారణంగా వారంటీ మొదట కొన్నవారికే ఉంటుంది, దేశం దాటి మీతో రాదు. రెగ్యులేటర్ పనిచేసేది చక్రాల దగ్గరున్న చిన్న సెన్సార్ల మీద, లోపలి బోర్డు మీద. మన గాలిలో దుమ్ము ఎంతో మీకు చెప్పక్కర్లేదు. పట్టాల మీద దుమ్ము, దూది పేరుకుంటే మిషన్ తల గునుస్తుంది, కుట్టు వంకర పోతుంది. బోర్డు పోతే పాతూరులో ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు? కుట్టు మిషన్ మెకానిక్కులు మనకు మంచివాళ్లే ఉన్నారు, కానీ చేతిలో పార్టు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

గది కొలిచారా? ఫ్రేము ఒక్కటే పది నుంచి పన్నెండు అడుగులు ఉంటుంది. చుట్టూ మనిషి తిరగాలి, ముందూ వెనకా రెండు వైపుల నుంచీ పని ఉంటుంది. ముందు గదిలో అది పట్టదని నా ఊహ.

సరే, కొనొద్దని ఊరుకుంటే మీ ఇబ్బంది తీరదు. ఆర్డర్లు వెనక్కి పోతున్న మాట నిజం. మీకు ముందుగా కావాల్సింది అతికే పనిలో ఒక తోడు. ఏ చీర పక్కన ఏ చీర పడాలి, ఏ ముక్క నడిమధ్యకు రావాలి అన్నది మీ కన్ను, అది ఎవరికీ ఇవ్వకండి. కత్తిరించి వరస పేర్చాక తిన్నగా కుట్టి అతికే పని మాత్రం మిషన్ కుట్టు వచ్చిన ఏ అమ్మాయికైనా నేర్పొచ్చు. పైభాగానికి 500 ఇవ్వండి. చక్రంలాంటి రోటరీ కట్టరు, కింద వేసుకునే మ్యాటు, స్కేలు కొనుక్కోండి, కొన్ని వేలల్లో వస్తాయి. నాలుగు పొరలు ఒకేసారి తెగుతాయి. మీ మూడు రోజులు రెండుకు దిగితే నెలకు పన్నెండు బొంతలవుతాయి. చేతికుట్టుకు మూడో అక్కను చూసుకోండి.

ధర కూడా పెంచండి. ఇది గట్టిగా చెబుతున్నాను. వారం రోజులు వంగి కూర్చుని కుట్టిన బొంతకు 900 కూలి తక్కువ. ఒకరి తల్లి చీరల బొంతకు 3,500 కూడా తక్కువే. బెంగాల్ కాంథా అయినా, మనకు ఆదోని దాటితే వచ్చే కర్ణాటక కౌది అయినా, మహారాష్ట్ర గోధడి అయినా, జనం ఇష్టపడి కొనేది ఆ చేతికుట్టును చూసే. మీరు 4,500 తీసుకుని, కుట్టే అక్కకు 1,300, అతికే అమ్మాయికి 500, సామానుకు 500 పోగా మీకు 2,200 మిగులుతుంది. పన్నెండు బొంతలకు 26,400. ఇందులో ఒక్క రూపాయి అప్పు లేదు. ధర పెంచితే ఇద్దరు ముగ్గురు తగ్గుతారు, తగ్గనివ్వండి. తొమ్మిది బొంతలే పోయినా 19,800 వస్తుంది, ఇప్పటికంటే ఎక్కువే.

అక్కల గురించి మీరు రాయలేదు గానీ నాకు ఆ ఆలోచన వదలట్లేదు. మిషన్ వస్తే ఆ ఇద్దరికీ నెలకు తలా వచ్చే 3,600 ఆగిపోతుంది. ఇల్లు కదలకుండా చేసుకునే పని వాళ్లకు ఇంకోటి దొరకడం కష్టం. రేపు మిషన్ మూలపడినా, ఎవరైనా చేతికుట్టే కావాలన్నా, అప్పుడు వాళ్లను మళ్లీ పిలవగలరా?

తొందరగా కావాలనేవాళ్ల కోసం, పిల్లల బొంతల కోసం మిషన్ కుట్టు కూడా పెట్టుకోండి, తక్కువ ధరకు. దానికి లాంగ్ ఆర్మ్ అక్కర్లేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు ఎన్నో, అక్కడ ఇండస్ట్రియల్ మిషన్లు బాగా తెలిసిన మెకానిక్కులుంటారు. వాళ్లను వెంటబెట్టుకుని మంచి సెకండ్‌హ్యాండ్ మిషన్ ఒకటి చూసుకోండి. పైపొరనూ కిందిపొరనూ కలిపి నడిపించే వాకింగ్ ఫుట్ ఉంటే గళ్లు, నిలువు గీతలు చక్కగా వస్తాయి. పువ్వులు, తీగలు కావాలంటే బొంతంతా ఒకేసారి కుట్టకుండా, పదిహేను అంగుళాల చదరాలుగా విడివిడిగా మూడు పొరలూ కలిపి కుట్టుకోండి. తర్వాత సన్నటి పట్టీలతో చదరాలను కలపండి. చిన్న ముక్క కాబట్టి మీ ఇంటి మిషన్లోనే బట్టను ముందుకు లాగే పళ్లు కిందికి దించి, బట్టను ఎటైనా తిప్పనిచ్చే డార్నింగ్ ఫుట్ వేసి తిప్పుకోవచ్చు.

ఈ చిన్న కొనుగోళ్లకు పీఎం విశ్వకర్మ పథకం చూడండి. అందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. కొద్ది రోజుల శిక్షణ, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల దాకా లోను. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగం ఉంటే రాదు. పెద్ద మిషన్‌కి పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) సబ్సిడీ వస్తుందని ఎవరైనా అంటే తొందరపడొద్దు. అది ముఖ్యంగా కొత్తగా పెట్టే యూనిట్లకు. నడుస్తున్న మీ షాపుకు వర్తిస్తుందో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో స్వయంగా అడగండి. మంజూరు కాకముందే మిషన్ కొనేసి తర్వాత సబ్సిడీకి పరిగెత్తడం మాత్రం వద్దు.

లాంగ్ ఆర్మ్ మీకు ఎప్పటికీ వద్దని నేను అనను. తోడు మనుషులతో ఒక ఏడాది, ఎండాకాలం కూడా కలుపుకుని, నెలకు పదిహేను పైభాగాలు తయారై, చేతికుట్టు దగ్గర నిజంగానే పేరుకుపోతున్నాయనుకోండి. మిషన్ కుట్టయినా పర్లేదని సగం మంది కొనేవాళ్లు అన్నారనుకోండి. మూడొంతుల డబ్బు అప్పు లేకుండా మీ దగ్గర ఉందనుకోండి. అప్పుడు సంతోషంగా చూద్దాం. అప్పుడైనా ఫ్రేము లేకుండా బల్ల ముందు కూర్చుని కుట్టే రకం ముందు చూడండి, దానికి జాగా తక్కువ, ధరా తక్కువ. మన దేశంలోనే సర్వీసు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. కొనే ముందు బెంగళూరులోనో చెన్నైలోనో మిషన్ నడిపి చూపించేవాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని వెళ్లండి. వాళ్లిచ్చే కొత్త కాటన్ ముక్క మీద కాదు, మీ సంచిలోంచి నేలిన నూలు చీర, జార్జెట్, జరీ అంచు తీసి కలిపి కుట్టి చూపించమనండి. తర్వాత తిరగేసి అడుగువైపు చూడండి.

ఈలోగా మీ మరిదికి ఒక పని అప్పజెప్పండి. డల్లాస్‌లో తనకు తెలిసిన మనవాళ్లను, అమ్మ చీరలతో చేతికుట్టు బొంత చేసిస్తే ఎంత ఇస్తారో, ఎన్ని వారాలు ఆగుతారో అడిగి రాసి పంపమనండి. ఆ మిషన్‌కి అడ్వాన్సు మాత్రం కట్టొద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.